మూడో కంటికి తెలియకుండా

తిరుపతిలో ఒక ట్యాక్సీ డ్రైవర్ల యూనియన్ తన సభ్యులకూ, వాళ్ల ఇంటివాళ్లకూ రహస్య కౌన్సెలింగ్ కేంద్రం పెట్టింది. ఏ యూనియనో చెప్పను. అక్కడ రహస్యంగా మిగిలింది అదొక్కటే.

ప్రారంభోత్సవానికి షామియానా వేశారు, మైకు పెట్టారు. ఫ్లెక్సీలో నాయకుల ఫొటోలు పోగా మిగిలిన జానెడు జాగాలో 'తాగుడు, అప్పులు, ఆలుమగల తగాదాలు, నిద్రలేమి: ఏదైనా మూడో కంటికి తెలియకుండా పరిష్కరించబడును' అని రాయించారు. మొదట లోపలికి వెళ్లే సభ్యుడికి శాలువా కప్పుతామని అధ్యక్షులవారు మైకులో ప్రకటించారు. ఎందుకో ఒక్కరూ లేవలేదు.

అవసరం లేక కాదు. తెల్లవారుజామున రేణిగుంట స్టేషన్లో దిగినవాళ్లను ఎక్కించుకుని కొండెక్కాలి, వాళ్ల దర్శనం అయ్యేదాకా కారులోనే కునుకు తీయాలి, కిందికి దిగాక కాణిపాకం అంటే కాణిపాకం, కాళహస్తి అంటే కాళహస్తి. ఫైనాన్సు వాడి కంతు మాత్రం ఠంచనుగా వస్తుంది. కంటినిండా నిద్ర లేని మనిషి ఘాట్ రోడ్డు మలుపుల్లో స్టీరింగ్ పట్టుకుంటే అది అతనొక్కడి సమస్య కాదు, వెనక సీట్లో గోవిందా అంటున్నవాళ్లది కూడా.

కొండకు ఎక్కడానికో దారి, దిగడానికో దారి ఉన్నాయి. కౌన్సెలింగ్ గదికి మాత్రం ఒకటే దారి, అదీ క్యారమ్స్ బోర్డు పక్కనుంచి. గుమ్మం దగ్గర రిజిస్టరు ఉంటుంది. పేరు, బండి నంబరు, 'సమస్య క్లుప్తంగా', సంతకం. పై వరుసలో ఎవరేం రాశారో చదువుకున్నాకే కింది వరుసలో రాయాలి, ఒంటరితనం పోతుందని. లోపల కౌన్సెలర్ లేరు, అయిదుగురి కమిటీ ఉంది. మొగుడి తాగుడు గురించి చెప్పుకుందామని ఒక ఇల్లాలు వస్తే, "ఏం వదినా, బాగుండావా?" అని పలకరించిన కమిటీ సభ్యుడు రోజూ ఆ మొగుడి పక్కన కూర్చుని తాగేవాడే. పూర్వాపరాలు ఇంత తెలిసినవాడు ఇంకెక్కడ దొరుకుతాడు?

రుయా ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి పంపాల్సి వస్తే సిఫార్సు లేఖ ఇస్తారు. లెటర్‌హెడ్డు, రబ్బరు స్టాంపు, కింద 'ప్రతులు: అధ్యక్షులకు, కోశాధికారికి, నోటీసు బోర్డుకు'.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం వైద్యం చేసేవాళ్లు రోగి వివరాలు బయటపెట్టకూడదు కదా అని ఒక కుర్ర డ్రైవరు లేచి అడిగాడు. "అది వైద్యం చేసేవాళ్లకప్పా. మేము చేస్తామని ఎవురన్నారు?" అన్నారు కార్యదర్శి. చట్టం చదివినవాళ్లకు కూడా వెంటనే తట్టని జవాబు.

వార్షిక నివేదిక వచ్చింది. ఏడాదిలో కేంద్రానికి రెండోసారి వచ్చినవాళ్లు ఎవరూ లేరు, అంటే అందరికీ మొదటిసారికే నయమైనట్టు లెక్క. మిగిలిన నిధి శాలువాలకు మళ్లించారు.

ఆ కుర్రాడు ఊరుకోలేదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, 14416 కొడితే రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు, ఆ నంబరు అందరికీ చెబితే చాలు కదా అన్నాడు. కమిటీకి ఆలోచన నచ్చింది. సభ్యులంతా యూనియన్ ఆఫీసు ఫోన్ నుంచే ఆ నంబరుకు మాట్లాడాలని, మిగతావాళ్లకూ ఉపయోగపడేలా స్పీకర్ ఆన్‌లో ఉంచాలని తీర్మానించారు. ఏకగ్రీవం.