హన్మకొండలో మైనస్ ఇరవై

(మే నెల. హన్మకొండలో ఒక ఇల్లు, ముందు రేకుల షెడ్డు. 2004 మోడల్ కారు బానెట్ లేచి ఉంది. బాపు చేతిలో నిమ్మకాయలు, బిడ్డ చేతిలో కరెంటు కొలిచే మల్టీమీటర్.)

బాపు: దిష్టి బిడ్డా, నూటికి నూరు పాళ్లు దిష్టే.

బిడ్డ: దిష్టికి నల్ల పొగ వస్తుందా బాపూ?

బాపు: పక్కింటి అత్త చీర ఆరేసిన నాడే ఎందుకు వచ్చింది మరి? పొద్దుగాల మంచిగానే లేస్తుంది. వేడెక్కాక ఆపితే మొండికేస్తుంది. కాజీపేట పోయి వచ్చే పెట్రోల్‌తో ఒకప్పుడు పరకాల పోయొచ్చేవాణ్ని.

బిడ్డ: ప్లగ్గులు, బ్యాటరీ, పెట్రోల్ పంపు అన్నీ మార్పించావు. ఇంక మార్చాల్సింది డ్రైవర్‌నే. నన్నడిగితే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ పోయింది. అదే, ఇంజిన్ నీళ్ల వేడి కొలిచేది.

బాపు: కండ్లు పెట్టి చూడు. మీటర్‌లో ముల్లు నడుమ నిలబడింది. సెన్సర్ పోతే ముల్లెట్ల లేస్తుంది?

బిడ్డ: ముల్లుకు పోయే సెన్సర్ ఒక్క వైరుది. ఎంత పెట్రోల్ పోయాలో చూసే బండి కంప్యూటర్‌కు పోయేది ఈ రెండు వైర్లది. రెండూ వేరు.

బాపు: ఉన్న కాసిన్ని నీళ్లకు ఇద్దరు కాపలానా!

బిడ్డ: ఒకడు నీకు నిజమే చెప్తున్నాడు. రెండోవాడు కంప్యూటర్‌ను ముంచుతున్నాడు. (వైర్ల ప్లగ్ ఊడదీసి సెన్సర్ పిన్నులకు మల్టీమీటర్ పెట్టింది.) ఇంజిన్ ఇంత కాగి ఉంటే సెన్సర్ కరెంటుకు పెట్టే అడ్డు మూడు వందల ఓమ్‌ల చుట్టుపక్కల ఉండాలి. ఇది పదిహేను వేలు.

బాపు: ఎక్కువే ఉంది కదా, మంచిదే!

బిడ్డ: జీతం కాదు బాపూ. వేడి పెరిగితే ఓమ్‌లు తగ్గాలి. పదిహేను వేలంటే మైనస్ ఇరవై డిగ్రీలు.

బాపు: హన్మకొండలోనా? మే నెలలోనా?

బిడ్డ: కంప్యూటర్ నమ్మింది మరి. ఇంజిన్ చలికి వణుకుతోందని పెట్రోల్ పోస్తూనే ఉంది.

బాపు: అయితే ఇంజిన్ లైటు వెలగాలి కదా? మెకానిక్ అదే అన్నాడు.

బిడ్డ: వైరు తెగితే వెలుగుతుంది. అబద్ధం చెప్తే ఈ పాత బండికి తెలియదు.

(సాయంత్రం. ఇంజిన్ చల్లారింది. కొత్త సెన్సర్ వచ్చింది. ప్లగ్గుల కన్నా అగ్గువే.)

బాపు: అది మీ అమ్మ చాయ గిన్నె!

బిడ్డ: గట్టిగా అనకు. బిగించకముందే చూసుకోవాలి. మామూలు నీళ్లలో రెండు వేల చుట్టుపక్కల... మరిగే నీళ్లలో మూడు వందల లోపు. సక్కగుంది. ఇప్పుడు పాతది తీస్తాను, వెంటనే రంధ్రానికి వేలు అడ్డం పెట్టు.

బాపు: ఇంట్లో నా వేలికి కూడా పని దొరికింది. అబ్బా, కారుతోంది!

బిడ్డ: వాషర్ కొత్తదే. పానా మీద బలం చూపించకు, అల్యూమినియం మరలు పోతాయి. కారినంత కూలెంట్ మళ్లీ పోసి, స్టార్ట్ చెయ్యి.

(కాసేపు నడిపించి, వేడెక్కాక ఆపి మళ్లీ తాళం తిప్పారు. లేచింది. పొగ లేదు.)

బాపు: నిమ్మకాయలు పనిచేశాయి.

బిడ్డ: బాపూ! ఆ పాత సెన్సర్ జేబులో ఎందుకు పెడుతున్నావు?

బాపు: మైనస్ ఇరవై చూపిస్తుందన్నావు కదా. మీ అమ్మ కూలర్ కొనుమన్నప్పుడల్లా చూపిస్తాను.