పదిహేడో సంస్కారం

రెండేళ్ల పసివాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఒక చేత్తో స్టీరింగూ రెండో చేత్తో ఫోనూ పట్టుకుని, ఎక్కి కూర్చుని నడుపుతూ గడ్డి కోసే రైడింగ్ మోవర్ మీద పెరడంతా ఊరేగే తండ్రి వీడియో ఈ వేసవిలో కూడా అమెరికాలోని మా కాలనీ తెలుగువారి వాట్సాప్ గ్రూపును పావనం చేసింది. దేవుడు మనిషికి రెండే చేతులిచ్చాడు కనుక, ఆ రెండూ పనిలో ఉన్నప్పుడు పిల్లవాణ్ణి పట్టుకున్నది ఏమిటన్న సందేహం నాకు కలిగింది. గ్రూపులో మరెవరికీ కలగలేదు. ‘రైతు రక్తం ఎక్కడికి పోతుంది’ అని ఒకరు మురిశారు, ‘ముందు దిష్టి తీయించండి’ అని ఒకావిడ హెచ్చరించారు, మిగిలినవారు ఎర్రని హృదయాలు సమర్పించుకున్నారు. ఆ దృశ్యంలో ఏదో ప్రమాదం ఉందని పసిగట్టింది దిష్టి తీయించమన్న ఆ తల్లి ఒక్కరే. కాకపోతే ప్రమాదం చూసేవాళ్ల కళ్లలో ఉందని ఆవిడ నమ్మకం, సీటు కింద బ్లేడై తిరుగుతోందని నా అభిప్రాయం.

ఈ ఆచారాన్ని కాదనేవారి వాదన కూడా వినడం మర్యాద. అమెరికాలో పిల్లల వైద్యుల సంస్థ అయిన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఏళ్ల తరబడి ఒకే మాట చెబుతోంది. రైడింగ్ మోవర్ నడపాలంటే కనీసం 16 ఏళ్లు ఉండాలట, వెనక నడుస్తూ తోసే మోవర్‌కైతే 12 ఏళ్లట, పిల్లలను మోవర్ మీద ఎక్కించుకుని తిప్పనే కూడదట, ఆరేళ్ల లోపువారు గడ్డి కోస్తున్నంతసేపూ ఇంట్లోనే ఉండాలట. పాపం, వీరికి మన సంగతి తెలియదు. ఆలుమగలూ ఇద్దరు పిల్లలూ ఒక గ్యాస్ సిలిండరూ కలిసి ఒకే స్కూటర్ మీద ప్రయాణం చేసిన జాతికి, ఒంటి సీటు యంత్రం మీద ఇద్దరు కూర్చోవడం ఒక లెక్కా? ఇలాంటి చాదస్తమే సోకి కాబోలు, ద్విచక్ర వాహనం మీద వెళ్లే నాలుగేళ్ల లోపు పిల్లలను నడిపేవారితో కలిపి పట్టీతో కట్టుకోవాలని, తొమ్మిది నెలలు దాటినవారికి హెల్మెట్ పెట్టాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదని భారత ప్రభుత్వం కూడా 2022లో నిబంధన తెచ్చింది. హైదరాబాదులోగాని విజయవాడలోగాని ఆ పట్టీ కట్టిన బిడ్డను కళ్లారా చూసినవారు ఎవరైనా ఉంటే వారిని సన్మానించడానికి నేను సిద్ధం.

పిల్లలను ఇలా ఊరేగించే తండ్రుల అసలు బలం వారసత్వం. ‘మా తాతగారు నన్ను ట్రాక్టర్ మీద కూర్చోబెట్టుకుని పొలమంతా తిప్పేవారండీ’ అంటారు, కళ్లు చెమర్చుకుంటూ. సరే, పొలం కొలుద్దాం. పావు ఎకరం స్థలమంటే పాతిక సెంట్లు. అందులో ఇల్లూ, డ్రైవ్‌వే, వెనక పెట్టించిన చెక్క డెక్కూ, పిల్లల ఊయలా పోగా మిగిలే గడ్డి పది పన్నెండు సెంట్లు. గోదావరి డెల్టాలో ఆమాత్రం చెక్కను నారుమడికి విడిచిపెడతారు. తోసే మోవర్‌తో కాసేపట్లో అయిపోయే ఆ పనికి 42 అంగుళాల వెడల్పున కోసే యంత్రం కొని, దాని మీద దిగ్విజయ యాత్ర చేస్తూ, అది వ్యవసాయమని కొడుకుకు నేర్పుతున్నారు. ఇక తాతగారి విషయం. దమ్ము చేసే ట్రాక్టర్ మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చోబెట్టడం మన పల్లెల్లో ఉన్నదే, నేనేమీ కాదనను. మడ్‌గార్డు మీది నుంచి జారితే పడేది పెద్ద చక్రం ముందో, వెనక తిరిగే రోటవేటర్‌లోనో. జిల్లా పేజీలో నాలుగు వాక్యాల వార్తగా మనం చదివి పక్కన పెట్టేసేది దాన్నే. తాతగారి దగ్గర తెల్లవారుజామున లేవడం ఉంది, అప్పు చేయకపోవడం ఉంది, ఎండలో పని చేయడం ఉంది. అవేవీ సముద్రం దాటి రాలేదు. మడ్‌గార్డు ఒక్కటే వచ్చింది.

ఎలాగూ మానరు కనుక, దీన్ని శాస్త్రోక్తంగా జరిపించడమే మేలని నా సవినయ ప్రతిపాదన. షోడశ సంస్కారాలు మనకు ఉండనే ఉన్నాయి. ప్రవాస శిశువు కోసం ‘యంత్రారోహణం’ పేరిట పదిహేడోదాన్ని చేర్చాలి. ముహూర్తం శనివారం ఉదయం పది గంటలకు పెట్టాలి, ఎందుకంటే అప్పుడు తెనాలిలో రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది, భోజనాలు ముగించుకుని అమ్మమ్మలూ తాతయ్యలూ వీడియో కాల్‌లోకి రాగలుగుతారు. రెండు గృహప్రవేశాల మధ్య తీరిక చేసుకుని వచ్చిన పురోహితులు ‘క్రౌంచద్వీపే’ అని సంకల్పం చెప్పి, మోవర్ ముక్కుకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, స్టీరింగుకు బంతిపూల దండ వేస్తారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించాక, బ్లేడు కింద కూడా ఒకటి పెట్టవలసి ఉంటుందా అని మేనమామ ధర్మసందేహం లేవనెత్తుతాడు. దానికి స్మృతుల్లో ప్రమాణం లేదని పురోహితులు సెలవిస్తారు. కొబ్బరికాయ కొట్టడానికి ఆ ఇంట రాయి ఉండదు కనుక డ్రైవ్‌వే అంచు మీద కొడతారు. చిప్ప ముక్క ఒకటి ఎగిరి గడ్డిలో పడుతుంది, ఎవరూ చూడరు.

అప్పుడు పట్టుపంచె కట్టి, బుగ్గన చుక్క పెట్టిన బాబును తండ్రి ఒళ్లోకి అందిస్తారు. పంచె అంచు ఒకవైపు వేలాడుతుంటుంది, ఫోటోలో బాగుంటుందని అలాగే వదిలేస్తారు. ఇంజను మోగుతుంది. బాబు జడుసుకుని ఏడుస్తాడు, సంతోషం పట్టలేక ఏడుస్తున్నాడని మేనత్త వ్యాఖ్యానిస్తుంది. రెండో చుట్టులో బ్లేడు ఇందాకటి కొబ్బరి చిప్పను అందుకుని విసురుతుంది; అది అతిథుల మధ్య నుంచి దూసుకుపోయి గ్యారేజీ తలుపుకు సొట్ట పెడుతుంది, శుభసూచకమని అందరూ చప్పట్లు కొడతారు. అంతలో పెద్దమ్మ కొడుకు నన్నూ ఎక్కించమంటాడు, వాడి చెల్లెలు నేనూ అంటుంది, పక్కింటి పాప మాట లేకుండా వచ్చి వరుసలో నిలబడుతుంది. ‘తలా ఒక్క రౌండు’ అని ఇంటి యజమాని ఉదారంగా ప్రకటిస్తాడు. అటు తెనాలిలో తాతయ్యగారి నెట్ ఆగిపోయి, మనవడు గాలిలో నోరు తెరిచిన భంగిమలో స్తంభించిపోతాడు.

ఈ క్రతువుకు మంత్రాలు కొత్తగా కట్టనక్కర లేదు, యంత్రంతో వచ్చిన పుస్తకంలోనే ఉన్నాయి. ఏ కంపెనీదైనా సరే, ప్లాస్టిక్ సంచి చించకుండా గ్యారేజీ అలమరలో భద్రపరిచిన ఆ పుస్తకంలో పిల్లల గురించి ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. బ్లేడు ఆపేసి ఉన్నా సరే పిల్లలను ఎక్కించుకోవద్దని అందులో ఉంటుంది. బ్లేడు ఆగి ఉంటే నష్టమేమిటని వాదించే బుద్ధిమంతుల కోసం ఆ వెంటనే కారణం కూడా ఉంటుంది: ఒకసారి స్వారీ చేసిన పిల్లలు మళ్లీ ఎక్కాలన్న ఆశతో, మరో రోజు మోవర్ తిరుగుతున్న చోటికి ఉన్నట్టుండి పరుగెత్తుకు రావచ్చు, వెనక్కు నడిపేటప్పుడు దాని కిందే పడవచ్చు.

ఈ ఒక్క మాట దగ్గర నాకు నవ్వు ఆగిపోతుంది. ఆ శబ్దానికి మొదట జడుసుకుని ఏడ్చిన బిడ్డ సరిగ్గానే జడుసుకున్నాడు. ఆ భయమే వాడిని కాపాడేది. దాన్ని మనం ఒళ్లో కూర్చోబెట్టుకుని, ముద్దులు పెట్టి, నాలుగు చుట్లు తిప్పి పోగొట్టాం. ఇప్పుడు ఇంజను మోగితే వాడికి నాన్న పిలిచినట్టు. తలుపు తీసుకుని వెనక నుంచి వస్తాడు. నాన్న వెనక్కు చూడడు. వెనక్కు నడిపేటప్పుడు బ్లేడు తిరుగుతుంటే ఇంజను దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు చాలా మోవర్లలో ఉంది. దాన్ని దాటవేసేందుకు ఒక మీటా కూడా పెట్టారు, నాన్నగారికి విసుగు కనుక ఆ మీట నొక్కే ఉంటుంది.

ఒళ్లో ఉన్నవాడు జారితే? సీటు కింద ఒక స్విచ్ ఉంటుంది, నడిపే మనిషి లేస్తే బరువు పోయిందని గుర్తించి యంత్రాన్ని ఆపేందుకు. జారింది పిల్లవాడు. తండ్రి బరువు సీటు మీద భద్రంగానే ఉంది. స్విచ్ లెక్క ప్రకారం అంతా సక్రమమే, బ్లేడు తిరుగుతూనే ఉంటుంది. చేత్తో తోసే మోవర్లలో పిడి వదిలిన మూడు సెకన్లలో బ్లేడు ఆగాలని 1982 నుంచి అమెరికా కేంద్ర ప్రభుత్వ నిబంధన ఉంది, రైడింగ్ మోవర్లకు అదీ వర్తించదు, వాటికి ఉన్నవి పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న ప్రమాణాలే. మోవర్ మనిషి నడకకన్నా కాస్త ఎక్కువ వేగంతో కదులుతుంది కనుక సాధువులా కనిపిస్తుంది. బ్లేడు కొస మాత్రం గంటకు 300 కిలోమీటర్ల పైచిలుకు వేగాన్ని అందుకోగలదు.

అది తాకిన పాదం కోసుకుపోవడం అనే మాటతో తేలేది కాదు. నలిగి చితికిపోతుంది, మట్టీ గడ్డీ మాంసంలోకి దూరిపోతాయి. ఒక ఆపరేషన్ చాలదు. మళ్లీ మళ్లీ మత్తిచ్చి కడగాలి, వేరే చోటి చర్మం తెచ్చి అతకాలి, కుదరకపోతే పాదం తీసేయాలి. తీసేసినా కథ ముగియదు. ఎదిగే పిల్లల్లో తెగిన ఎముక కొస పెరుగుతూ వచ్చి చర్మాన్ని పొడుస్తుంది, మళ్లీ కోయాలి. బిడ్డ పొడుగైనప్పుడల్లా కృత్రిమ పాదం మార్చాలి. ఇంత జరిగాక దానికి ‘ప్రమాదం’ అని పేరు పెట్టి, విధి ఆడిన నాటకమని నిట్టూర్చేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. విధికి మోవర్ కొనే స్తోమత లేదు. ఎక్కించింది మీరు. వీడియో తీసింది మీరు. హృదయాలు పెట్టింది మీరు. వాడే ఏడ్చి ఎక్కాడంటారా? వంటింట్లో కత్తి కావాలని కూడా ఏడుస్తాడు, చేతికిచ్చి ఫోటో తీస్తారా?

వీరు అజాగ్రత్త మనుషులైతే సరిపెట్టుకునేవాణ్ణి. కానే కాదు. కార్‌లో పిల్లల సీటు గురించి 50 రాష్ట్రాల్లోనూ చట్టాలున్నాయి. దాన్ని బిగించడానికి ఈ తండ్రే గంటసేపు చెమటోడ్చి, సీటు పక్కనున్న రసమట్టంలో బుడగ సరిగ్గా గీతల మధ్యకు వచ్చేదాకా వదిలిపెట్టడు. పాలు సేంద్రియమైనవే ఉండాలి. ద్రాక్షపండును నిలువునా నాలుగు ముక్కలు చేస్తేగాని పెట్టడు. మోవర్ మీద కూర్చునేటప్పుడు తన చెవులకు రొద తగలకుండా ఖరీదైన హెడ్‌ఫోన్లు తగిలించుకుంటాడు, ఒళ్లో ఉన్నవాడి చెవులు మాత్రం ఉచితం. చెత్తబుట్ట ఒక పూట ఎక్కువ బయట ఉన్నా, గడ్డి రెండంగుళాలు ఎక్కువ పెరిగినా ఉత్తరం పంపే కాలనీ సంఘం, ఆ గడ్డి మీద పసివాడు ఎలా ఊరేగుతున్నాడో చూసి ఒక్క ముక్క రాయదు. గడ్డి ఎత్తు సరిపోయింది కదా!

గడ్డి కోసే రోజున పిల్లవాణ్ణి లోపల ఎవరో ఒకరు చూసుకోవాలి, ఎవరూ లేకపోతే గడ్డి ఇంకో రోజు పెరగాలి. ఇంతకు మించి చేయవలసిన ఘనకార్యం ఏమీ లేదు. మరీ ముచ్చట తీరకపోతే, తోస్తుంటే సబ్బుబుడగలు వదిలే బొమ్మ మోవర్లు బజార్లో దొరుకుతాయి. ఈ సలహానే పిల్లవాణ్ణి ఎక్కించుకు తిరిగే ఒక తండ్రికి ఎంతో వినయంగా చెప్పాను. ఆయన తీవ్రంగా ఆలోచించి, అది తాను ముందే చూశానని, చిన్న భాగాలుంటాయి కనుక మూడేళ్ల లోపు పిల్లలకు పనికిరాదని పెట్టె మీద స్పష్టంగా రాసి ఉందని, అలాంటి విషయాల్లో తాను రాజీ పడనని చెప్పారు.