కార్డు వాళ్లు మార్చారు, తిప్పలు నాకు

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో 12 ఏళ్లుగా ఒకే బ్యాంకు. మొన్న కవరొకటి వచ్చింది: ఇకపై మీ డెబిట్ కార్డు వీసా కాదు, మాస్టర్‌కార్డ్. నన్ను మాటమాత్రం అడగలేదు. అకౌంట్ నంబరు, సార్ట్ కోడ్ (బ్యాంకును, బ్రాంచిని గుర్తించే నంబరు) పాతవే, కార్డు మీది 16 అంకెలు మాత్రం కొత్తవి. డైరెక్ట్ డెబిట్లు అకౌంట్ నుంచి పోతాయి కాబట్టి కరెంటు బిల్లుకు ఏమీ కాలేదు. కార్డు నంబరిచ్చి పెట్టుకున్న చెల్లింపులు మాత్రం ఒక్కొక్కటే ఆగిపోయాయి. పాప ఈత క్లాసు రద్దయిందని స్విమ్మింగ్ పూల్ కౌంటర్ దగ్గర తెలిసింది. గాగుల్స్ నెత్తిన పెట్టుకుని, "అమ్మా, ఇవాళ లేదా?" అంది. ఏం చెప్పను? కడుపు తరుక్కుపోయింది.

వెళ్లి అడుగుదామంటే మా బ్రాంచి ఎప్పుడో మూసేశారు. ఫోన్‌లో 40 నిమిషాలు మ్యూజిక్ వినిపించారు.

వీసా పోయి మాస్టర్‌కార్డ్ వచ్చింది, దీన్ని పోటీ అంటారా? బ్రిటన్ కార్డు లావాదేవీల్లో దాదాపు 95 శాతం ఈ రెండు కంపెనీలవే. 1988లో మొదలైన ఇక్కడి సొంత నెట్‌వర్క్ స్విచ్‌ను కూడా మాస్టర్‌కార్డ్ వాళ్ల మాస్ట్రోలో కలిపేశారు. వీళ్లు పోటీపడేది బ్యాంకుల కోసం, మన కోసం కాదు. ఎవరు గెలిచినా కార్డు ఫీజు కట్టేది మా వీధి చివరి కొట్టువాడే.

రాత్రిళ్లు పాప పడుకున్నాక ఒక్కో సైట్‌లో కొత్త నంబరు ఎక్కిస్తున్నాను. ఇంకా ఎన్ని మిగిలాయో గుర్తుకు రావడం లేదు.