ఐర్లండ్ పల్లెదారుల గోధుమరంగు బోర్డు గారికి

మహారాజశ్రీ గోధుమరంగు బోర్డు గారి సముఖానికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ అందరమూ క్షేమం. తమ క్షేమం గురించి నాకు పెద్దగా బెంగ లేదు. ఏడాది పొడుగునా వానలో నాని, అట్లాంటిక్ గాలికి ఒక పక్కకు ఒరిగి, ముళ్ళపొదలో నడుముదాకా కూరుకుపోయి కూడా నిలబడగలిగిన నిబ్బరం తమది. డబ్లిన్‌లో ఉద్యోగం వెలగబెడుతూ, శనివారం వచ్చేసరికి పులిహోర డబ్బా కారులో పెట్టుకుని, కాలికి బలపం కట్టుకుని ఈ దేశపు పల్లెలు తిరిగే తెలుగువాళ్ళలో ఒకడిగా తమకు కొన్ని సంగతులు విన్నవించుకుంటున్నాను.

చూడదగ్గ చోట్లకు రోడ్డు పక్కన నిలబడి దారి చూపడం తమ ఉద్యోగం. ముందు అందులో తమ ప్రతాపం చెప్పుకోవాలి. మోటార్‌వే మీద తమ దర్జాయే వేరు. పైన వాలుగా ఐరిష్ పేరు, కింద నిటారుగా ఇంగ్లీషు పేరు, రెండూ తాటికాయంత తెల్లటి అక్షరాలలో. ముఖ్యంగా మోహర్ చరియల పేరు చెప్పడంలో తమకున్న ఉత్సాహం మరి దేనిలోనూ కనబడదు. నిజానికి ఆ చరియలకు తమ సిఫారసు అక్కరలేదు. క్లేర్ కౌంటీ తీరంలో 214 మీటర్ల ఎత్తునుంచి సముద్రంలోకి కత్తితో కోసినట్టు దిగే ఆ రాతి అంచులను చూడటానికి ఏటా పది లక్షలకు పైగా జనం వస్తున్నారు. ముందు పోయే టూరు బస్సు వెనకాల పోతే ఎవరైనా అక్కడే తేలుతారు. తమరు చెప్పవలసింది దారి కాదు, ఆ పూట పొగమంచు కమ్మిందో లేదో. అది మాత్రం చెప్పరు. టికెట్టు కొన్నవాళ్ళు 1835లో కార్నీలియస్ ఓబ్రయన్ అనే జమీందారు కట్టించిన బురుజుదాకా ఎక్కి, ఎదురుగా ఉన్న తెల్లటి శూన్యాన్ని భక్తితో ఫొటో తీసుకుని, కింద దుకాణంలో అవే చరియల పోస్టుకార్డు కొని, తాము చూడవలసింది ఏమిటో దాని మీద చూసుకుని వెళుతుంటారు.

తమ అసలు స్వభావం పెద్దరోడ్డు దిగిన తరవాత బయటపడుతుంది. రాతియుగపు సమాధి ఒకటి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్నదని మీత్ కౌంటీలో ఒకచోట తమరు సెలవిచ్చారు. మొదటి మలుపులో ఉన్నారు, రెండో మలుపులోనూ ఉన్నారు. ఆ తరవాత నాలుగు దారులు కలిసే కూడలి వచ్చింది. నాలుగూ ఒకే వెడల్పు, నాలుగింటి నడుమా ఒకే రకం గడ్డి, ఇరుపక్కలా ఒకే ఎత్తు కంచెపొదలు. సరిగ్గా అక్కడ తమరు లేరు. పెద్దరోడ్డు మీద ఎవరూ అడగకపోయినా ఎలుగెత్తి పిలిచేవారు, అవసరం పడ్డచోట మౌనవ్రతం పట్టడం ఏ మర్యాద కిందికి వస్తుందో నాకు అర్థం కాలేదు.

ఆ సందుల సంగతి తమకు తెలియనిది కాదు. ఇలాంటి స్థానిక రోడ్ల మీద 2025 ఫిబ్రవరి దాకా గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోవడానికి చట్టం ఒప్పుకునేది. ఇప్పుడు దానిని 60కి తగ్గించారు. అందులో మూడోవంతు వేగంతో పోయినా కారు అడుగున గడ్డి బరబర రాసుకుంటుంది. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి, ఆ ఎవరో ఎప్పుడూ ట్రాక్టరు కాదు. ఏదో ఒక పొలం గేటు దగ్గరి ఖాళీలోకి కారును దూర్చితే, ట్రాక్టరు మీది పెద్దాయన స్టీరింగు మీదనుంచి ఒక్క చూపుడువేలు పైకెత్తుతాడు. అది ఇక్కడి నమస్కారం. ఆయనను దారి అడిగితే, తమకంటే ఎంతో నయంగా, వివరంగా చెప్పాడు: పాత పాలకేంద్రం ఉండేచోట ఎడమకు తిరగాలట. ఆ పాలకేంద్రం నేను ఈ దేశానికి రాకముందే నేలమట్టమైంది. అయినా ఆయన గొంతులో ఉన్న ధైర్యం తమ బాణం గుర్తులో ఎన్నడూ లేదు.

చివరికి నీలిరంగు నైలాను తాడుతో కట్టిన ఒక ఇనుపగేటు దగ్గరికి చేరాను. గేటు మీద చేత్తో రాసిన అట్ట ఒకటి, లోపల ఎద్దు ఉన్నదని హెచ్చరిస్తున్నది. సందేహానికి తావులేని బోర్డు నాకు ఆ రోజంతటిలో అదొక్కటే కనిపించింది. గేటు దాటితే గడ్డి మైదానం, దాని మధ్యన మూడు నిలువురాళ్ళు, వాటి మీద ఒక బండ, పక్కన నాచుపట్టిన పాత ప్రభుత్వ ఫలకం. ఇది జాతీయ స్మారకమనీ, దీనికి హాని చేసినవారిని చట్టప్రకారం శిక్షిస్తామనీ దాని మీద ఉన్నది. ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు, లోపల ఎవరున్నారు అన్న ముచ్చట అందులో ఒక్కటీ లేదు. మన పల్లెల్లో ఇటువంటి కట్టడాలను రాకాసి గుళ్ళంటారు. ఇక్కడి పల్లెవాళ్ళు డియర్‌మిడ్, గ్రాన్యా అనే ప్రేమజంట లేచిపోయి, తరుముతున్నవారికి దొరకకుండా రాత్రికొకచోట తలదాచుకున్న పడకలని చెప్పుకుంటారు. ఏ చదువూ లేని ఆ కథలు రెండూ ఫలకం కంటే మనిషిని ఎక్కువసేపు అక్కడ నిలబెడతాయి.

ఇక తమ సమదృష్టి గురించి. 5,000 ఏళ్ళ సమాధికి ఏ రంగో, గోల్ఫ్ క్లబ్బుకూ, పిల్లలు మేకపిల్లలకు పాలు పట్టే పొలానికీ అదే రంగు. వేదాంతులకు కూడా అంత సులభంగా అబ్బని అద్వైతం తమకు ఒక డబ్బా గోధుమరంగుతో సిద్ధించింది. తమ బంధువుల సంగతి ఎత్తకూడదు గాని, 2005లో డింగిల్ ఊరి పేరును బోర్డుల మీద ఐరిష్‌లో మాత్రమే ఉంచినప్పుడు, ఊళ్ళో కొందరు రంగు డబ్బాలు పట్టుకుని వెళ్ళి వాటి మీద పాత పేరు తామే రాసుకున్నారు. తమ వంశంలో జనం ఎవరినైనా అంతగా పట్టించుకున్నది అప్పుడే. 2014లో పుట్టిన తమ చిన్న తమ్ముడున్నాడు, డోనెగల్ నుంచి కార్క్ దాకా 2,500 కిలోమీటర్ల అట్లాంటిక్ తీరపు దారికి గుర్తుగా నిలిచిన నీలిరంగు అల బోర్డు. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, మధ్యన ఒకే ఒక్క రోడ్డు ఉన్నచోట కూడా అతను తప్పకుండా ప్రత్యక్షమై, దారి ఇదేనని భరోసా ఇస్తాడు.

న్యూగ్రేంజ్ విషయంలో మాత్రం తమకు చేతులెత్తి మొక్కాలి. బాయిన్ నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్న ఆ సమాధిదిబ్బ దగ్గరికి నేరుగా పోనివ్వరు. దక్షిణపు ఒడ్డున ఉన్న సందర్శక కేంద్రంలో టికెట్టు కొని, వంతెన దాటి, వాళ్ళ బస్సే ఎక్కాలి. తమరు ఆ కేంద్రానికే దారి చూపుతారు. శీతకాలపు అయనాంతం, అంటే ఏడాదిలో అతి పొట్టి పగలు, నాటి ఉదయం 17 నిమిషాలపాటు సూర్యకాంతి లోపలి గదికి చేరేటట్టు క్రీస్తుపూర్వం 3200 ప్రాంతంలోనే కట్టుకున్నవాళ్ళకు ఏ బోర్డూ అవసరపడలేదు. ఇప్పుడు ఆ ఉదయం లోపల నిలబడాలంటే లాటరీ తగలాలి, తగిలినా మబ్బు పట్టకూడదు. మిగతా రోజుల్లో గైడు ఒక దీపం వెలిగించి సూర్యుడిని చూపిస్తాడు, అదీ బాగానే ఉంటుంది.

అసలు నా ఫిర్యాదంతా తారా కొండ, కేజా పొలాల గురించి. తారా కొండ ఐర్లండ్ మహారాజుల పీఠమని తమరు పిలుస్తారు. జనం వచ్చి, కారు దిగి, గడ్డి కప్పిన నాలుగు గట్లనూ మేస్తున్న గొర్రెలనూ చూసి, కోట ఎక్కడని ఒకరినొకరు అడుగుతారు. వలయంలో వలయంగా ఉన్న ఆ గట్ల ఆకారం పైనుంచి చూస్తే తప్ప తెలియదు. 1899 నుంచి 1902 దాకా బైబిలులోని నిబంధన మందసం, అంటే పది ఆజ్ఞల పలకలు పెట్టిన పెట్టె, ఇక్కడే ఉన్నదన్న నమ్మకంతో ఒక బృందం ఈ గట్లను తవ్విపోసింది. కొండను తవ్వి ఎలుకను పట్టారని మనం అంటాం. వాళ్ళకు ఎలుక కూడా దొరకలేదు, గట్లు మాత్రం పాడయ్యాయి. అసలైన రాజు తాకితే కేకపెడుతుందని చెప్పే రాయి ఒకటి అక్కడ నిలబడి ఉన్నది. నేను చెయ్యి వేసినప్పుడు కిమ్మనలేదు.

మేయో కౌంటీ ఉత్తరపు తీరంలోని కేజా పొలాల్లో అయితే ఆ గట్లు కూడా ఉండవు. 1930లలో ప్యాట్రిక్ కాల్‌ఫీల్డ్ అనే బడిపంతులు పొయ్యిలోకి పీట్ అనే మండే మట్టి కోసుకుంటుంటే, అడుగున వరసగా రాళ్ళు తగిలాయి. ఆయన కొడుకు షేమస్ పురావస్తు పండితుడై తిరిగి వచ్చి, పొడవాటి ఇనుపకడ్డీని నేలలోకి దింపుతూ అడుగడుగూ వెతికాడు. కడ్డీ మెత్తగా లోపలికి పోతే అంతా పీట్, మధ్యలో టక్కున ఆగితే అక్కడ గోడ. ఆ విధంగా 5,000 ఏళ్ళకు పైబడినవని ఆయన లెక్కగట్టిన పొలాల సరిహద్దులు మైళ్ళ పొడవున బయటపడ్డాయి. బయటపడ్డాయన్నమాటే గాని అవి ఇప్పటికీ చాలావరకు నేల కిందే ఉన్నాయి. పైన కనిపించేది బురదనేల, గాలి, సముద్రం. ఈ దేశంలో నన్ను రెండోసారి రప్పించిన చోటు ఇదే. మోహర్ చరియలకు ఇచ్చిన గొంతులో సగం దీనికి ఇచ్చి ఉంటే తమ గౌరవానికి వచ్చే నష్టమేమిటో తమరే చెప్పాలి.

కాబట్టి నా కోరికలు చిత్తగించండి. మోటార్‌వే మీద మోహర్ పేరు కొన్నిచోట్ల తగ్గించి, మిగిలిన రేకును చివరి కూడళ్ళకు పంపించండి. గోల్ఫ్ క్లబ్బుకు వేరే రంగు చూడండి. కేజా పొలాల దగ్గర, ఇక్కడ పైకి కనిపించేది ఏమీ లేదు, అయినా ఒక గంట ఉండండి అని ఒక్క వాక్యం రాయించండి. ఈ ఉత్తరానికి జవాబు ఇవ్వదలిస్తే మీత్ కౌంటీలోని ఆ నాలుగు దారుల కూడలిలో నిలబెట్టండి. ఎటు పోవాలనుకున్నా నేను ఎలాగూ అక్కడికే వస్తున్నాను.

ఇట్లు,
తమ బాణం చూపిన వైపే కారు తిప్పుతున్న ఒక డబ్లిన్ తెలుగువాడు