షుగర్‌ఫ్రీ సంచి

మా పెద్దనాయనకు షుగర్ అని తేలిన రోజు నుంచి ఇంట్లో చక్కెర డబ్బా అజ్ఞాతవాసంలో ఉంది. అదెక్కడుందో పెద్దమ్మకూ బియ్యం గుమ్మికీ తప్ప మూడోవాళ్లకు తెలియదు.

అమావాస్యనాడు అందరం నార్కట్‌పల్లి దగ్గరి చెరువుగట్టు గుడికి పోయాం. పెద్దనాయన పొద్దున్నే షుగర్ దించే గ్లిమెపిరైడ్ గోలీ వేసుకున్నాడు గానీ, టిఫిన్ మాత్రం "దర్శనం అయినంకనే" అన్నాడు. గోలీకి మొక్కులూ ఉపవాసాలూ ఏం తెలుసు? దాని పని అది చేసుకుపోయింది.

లైన్లో ఆయన చొక్కా తడిసింది, చేతులు వణికాయి. ఎండ అనుకున్నాం. ముందున్నవాళ్ల మీద అరిచాడు. అది రోజూ ఉండేదే. (చిరాకు కూడా లో షుగర్ లక్షణమేనట. ఆ లెక్కన ఆయనకు పెండ్లినాటి నుంచీ లో షుగరే.) కాసేపటికి పెద్దమ్మ వైపు తిరిగి, "మీరు కూసోండమ్మా, అలిసిపోయినట్టున్నరు" అన్నాడు. అప్పుడు పట్టుకుంది మాకు భయం.

పెద్దమ్మ షుగర్ చూసే మిషన్ తీసి వేలికి గుచ్చింది. 58. 70 కిందికి దిగితేనే లో అంటారు. నర్సుగా చేసే కోడలికి ఫోన్ కలిపాం. "అత్తమ్మా, మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాపుండ్రి. పావుగంట ఆగి మళ్ల చూడుండ్రి. తెలివి తప్పితే మాత్రం నోట్లె ఏం పొయ్యకుండ్రి, 108కి కొట్టుండ్రి!"

సంచి కుమ్మరించాం. షుగర్‌ఫ్రీ బిస్కెట్లు, షుగర్‌ఫ్రీ గోలీలు, జొన్నరొట్టెలు, పొట్లంలో మెంతులు. ఇన్నేళ్ల కాపలా అంత పకడ్బందీగా ఉంది మరి! ఆ తియ్యటి గోలీలు నాలుకను మోసం చేస్తాయి గానీ రక్తాన్ని చెయ్యలేవు.

వెనక నిలబడ్డ ఒక అవ్వ నైవేద్యం బెల్లం ముద్ద తీసిచ్చింది. "జడల రామలింగేశ్వరుడు ఏమనుకోడు బిడ్డా, ముందుగాల ఈయనకు పెట్టు." నీళ్లలో కరిగించి తాపాం. పావుగంటకు 84.

"ఎవడ్రా ఈ లైను పెట్టింది?" అని పెద్దనాయన గట్టిగా అరిచాడు. పెద్దమ్మ గుట్టకు దండం పెట్టింది. షుగర్ మళ్లీ పడిపోకుండా ఆయన్ను అక్కడే కూర్చోబెట్టి రొట్టెలు తినిపించింది. మొక్కు సంగతి తాను దేవుడితో మాట్లాడుకుంటానంది.

గోలీ వేసుకున్నాక తిండి మానొద్దు, జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి అని చెప్పాడు డాక్టర్. పెద్దనాయన చెవికి రెండో ముక్కే ఎక్కింది. మొన్న మిర్యాలగూడలో పెండ్లి బంతిలో లడ్డూలు వస్తుంటే, నుదురు తుడుచుకుంటూ, "చేతులు వణుకుతున్నట్టున్నయే" అన్నాడు.

పెద్దమ్మ విస్తరి ముందే వేలు గుచ్చింది. 212. లడ్డూ నాకొచ్చింది.