మెర్సో ఏడవలేదని మీకెందుకంత కోపం?

ఇప్పుడే మా పుస్తకాల గ్రూప్ కాల్ కట్ చేసి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది. ఫ్రెంచ్ రచయిత కామూ నవల, 1942లో వచ్చిన "ద స్ట్రేంజర్" మీద మాట్లాడదామని కూర్చుంటే, అందులో హీరో మెర్సో గురించి ఒకాయన మొదలుపెట్టడమే "వాడు సోషియోపాత్ అండీ, తల్లి పోతే కన్నీటి చుక్క రాల్చలేదు, ఇంకేం కావాలి" అన్నాడు. అవునవునని మిగతావాళ్లు తలూపారు. చర్చ అక్కడితో సరి.

నవల్లో మెర్సో మీద హత్య కేసు నడుస్తుంటే ప్రాసిక్యూటర్ చేసిందీ అచ్చం ఇదే కదా! హత్య సంగతి పక్కనబెట్టి, తల్లి శవం దగ్గర పాలు కలిపిన కాఫీ తాగాడు, సిగరెట్ కాల్చాడు, మర్నాడే ఈతకెళ్లాడు, ఒకమ్మాయితో కామెడీ సినిమా చూశాడు అని చిట్టా విప్పుతాడు. ఆ పుస్తకం చదివి, వెళ్లి ఆ ప్రాసిక్యూటర్ పక్కనే కూర్చున్నారంటే మీరు చదివిందేమిటసలు?

మెర్సోకి ఏమీ అనిపించదని ఎవరన్నారు? ఆఫీసులో మధ్యాహ్నం చేతులు కడుక్కోవడం అతనికిష్టం. సాయంత్రం అంత ఇష్టముండదు, ఎందుకంటే అందరూ తుడుచుకునే తువ్వాలు అప్పటికి తడిసి ముద్దయిపోతుంది. ఆ మాట బాస్‌కి కూడా చెప్పాడు! ఆ సినిమాకెళ్లిన అమ్మాయి మారీ వెళ్లిపోయాక దిండులో ఆమె జుట్టు వదిలిన ఉప్పు వాసన వెతుక్కున్నాడు. ఒంటికి తెలియాల్సిందంతా తెలుస్తూనే ఉంది. అది దుఃఖమా, ప్రేమా, పేరు పెట్టి చెప్పమంటేనే నోరు పెగలదు. ఇలా తన భావమేమిటో తనే చెప్పుకోలేకపోవడానికి అలెక్సిథైమియా అని సైకాలజీలో 1970లలోనే పేరు పెట్టారు. సోషియోపాత్ అని నోరు పారేసుకునే ముందు అదైనా చదవొచ్చుగా.

పక్కింటి ముసలాయన సలమానో తన కుక్కని రోజూ తిట్టి, కొట్టి, అది తప్పిపోయాక రాత్రి ఒక్కడే ఏడుస్తాడు. గోడ ఇవతల ఆ చప్పుడు వింటున్న మెర్సోకి అమ్మ గుర్తొస్తుంది. ఎందుకో తెలియదంటాడు. ఆకలి లేక, ఏమీ తినకుండా పడుకుంటాడు. ఆ పేజీ దాటి వచ్చి కూడా "తల్లి మీద ప్రేమ లేదు" అనేవాళ్లతో ఏం మాట్లాడాలి?

సైకాలజిస్ట్ మేరీ ఐన్స్‌వర్త్ ఏడాది పిల్లలతో చేసిన ప్రయోగం చాలామందికి తెలుసు. తల్లి గదిలోంచి వెళ్లి తిరిగొచ్చినప్పుడు కొందరు పిల్లలు ఆమె వంక చూడనైనా చూడకుండా బొమ్మలతో ఆడుకుంటారు. వీళ్లకేం పట్టలేదనుకుంటాం. తర్వాత వేరే పరిశోధకులు గుండె వేగం కొలిస్తే, వాళ్ల గుండె కూడా దడదడా కొట్టుకుంటూనే ఉంది! మొహం చూసి లోపలిది చెప్పేస్తామనేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

అలాగని మెర్సోని "అబద్ధమాడని మనిషి" అంటూ నెత్తినెక్కించుకునే రెండో గుంపుని చూస్తే నాకింకా మంట. ప్రేమిస్తున్నావా అని మారీ అడిగితే, ఆ మాటకి అర్థం లేదు, బహుశా లేదేమో అంటాడు. పెళ్లంటే, నీకు కావాలంటే చేసుకుందాం అంటాడు. అది నిజాయితీయే కావచ్చు, ఆ జవాబు పట్టుకుని బతకాల్సిన మారీ సంగతేంటి?

దీనికంటే ఘోరం ఆ ఉత్తరం. పక్కింటి రేమాన్ తన ప్రియురాలిని మళ్లీ రప్పించి అవమానించాలని అనుకుంటే, ఆ ఉత్తరం రాసిపెట్టింది మెర్సోయే, అదీ రేమాన్‌కి నచ్చేలా. ఆమె వచ్చింది, దెబ్బలు తింది. ఆ కేకలు విని పోలీసుని పిలవమని మారీ బతిమాలితే, "పోలీసులంటే నాకిష్టం లేదు" అన్నాడు. తర్వాత స్టేషన్‌కెళ్లి రేమాన్ తరఫునే సాక్ష్యం చెప్పాడు. బీచ్‌లో మెర్సో చేతిలో చచ్చిపోయింది ఆమె తోడబుట్టినవాడే. నవల్లో ఇద్దరికీ పేర్లు కూడా లేవు. మెర్సోని నిలదీయాలంటే ఇక్కడ నిలదీయండి! గ్రూప్‌లో ఒక్కరు ఆ ఉత్తరం ఊసెత్తలేదు. అందరి కళ్లూ అతని కళ్ల మీదే, తడిశాయా లేదా అని.

నాకెందుకింత కోపమంటే, ఈ కొలత మా ఇంట్లో చూశాను. నాన్న పోయిన రోజు అక్క ఏడవలేదు. ఆసుపత్రి కాగితాల మీద సంతకాలు పెట్టింది, అందరికీ ఫోన్లు చేసింది. "రాతిగుండె" అన్నారు, ఆమె వినేలాగే. బాబాయి మాత్రం భోరుమన్నాడు, అందరూ చుట్టూ చేరి ఓదార్చారు. నాన్న మంచాన పడ్డ కాలమంతా ఆయన ఇటువైపు తొంగి చూసిన పాపాన పోలేదు. నాన్న మింగలేక చిగురు పక్కన ఉంచేసుకున్న మాత్రని వేలితో తీసి, పొడి చేసి, చెంచాతో మళ్లీ పట్టింది అక్క. రోజూ! ఇవాళ కాల్‌లో అందరికంటే ముందు "అవును" అన్నది బాబాయి కూతురే. మెర్సో గురించే అందనుకోమంటారా?

విచారణకి ముందు లాయర్‌తో మెర్సో ఒక మాటంటాడు, అమ్మని పాతిపెట్టిన రోజు బాగా అలసిపోయి ఉన్నాను, నిద్రొచ్చింది అని. లాయర్‌కి అది నచ్చలేదు. అతను కనీసం అడిగాడు. మా వాళ్లలో ఒక్కరైనా అక్కని అడిగారా? బాబాయ్, నువ్వీ పోస్ట్ చూస్తావని నాకు తెలుసు. చూశాక అక్కకి ఫోన్ చెయ్యి.