అమ్మానాన్నల్ని ఫోర్ట్‌వర్త్ తీసుకెళ్లండి

డాలస్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చిన తెలుగు తల్లిదండ్రులు ఏమేం చూస్తారో అందరికీ తెలిసిందే. గుడి, మాల్, కెన్నెడీని కాల్చిన చోటు, మళ్లీ గుడి. దిగిన విమానాశ్రయం పేరులో సగం ఫోర్ట్‌వర్త్‌దే. ఆర్నెల్లున్నా ఆ ఊరికి ఒక పూట కేటాయించరు. పల్లెలో పుట్టి పెరిగిన వాళ్లకు టెక్సస్‌లో అంతకంటే అర్థమయ్యే ఊరు ఇంకోటి లేదని నా వాదన.

చిషోమ్ దారిలో కాన్సస్ రైళ్ల వైపు తోలుకెళ్లే పశువుల మందలకు అదొక మజిలీ. 1876లో రైలు ఊళ్లోకే వచ్చింది. 1902 ప్రాంతంలో స్విఫ్ట్, ఆర్మర్ కంపెనీల మాంసం ఫ్యాక్టరీలొచ్చాయి. అవి మూతపడి దశాబ్దాలైనా పాత పశువుల సంత ఉన్న స్టాక్‌యార్డ్స్ వీధిలో ఇప్పటికీ రోజూ ఉదయం పదకొండున్నరకు, సాయంత్రం నాలుగింటికి బారెడు కొమ్ముల లాంగ్‌హార్న్ పశువుల మందను నడిపిస్తారు. అదంతా టూరిస్టుల కోసం ఆడే నాటకమనీ, కబేళాల చరిత్రకు అత్తరు పూయడమనీ అనేవాళ్లున్నారు. నాటకమే, కాదనను. కానీ ఆ కొమ్ముల బార చూసి మీ నాన్న అడిగే ప్రశ్నలు నాటకం కావు.

అసలు విషయం అక్కడికి పది నిమిషాల దూరంలో ఉంది. కింబెల్ మ్యూజియం. ధాన్యం, పిండిమరల వ్యాపారంతో ఎదిగిన కే కింబెల్ ఆస్తితో కట్టింది. 1972లో తెరిచారు. మన అహ్మదాబాద్ ఐఐఎం గీసిన ఆర్కిటెక్ట్ లూయీ కాన్‌దే ఈ కట్టడమూ. కప్పు నడినెత్తిన సన్నని చీలిక, దాని కింద లోహపు రెక్కలు. టెక్సస్ మండుటెండ వాటికి తగిలి, గోడల మీదికి వెన్నెలలా దిగుతుంది. మైకెలాంజెలో పన్నెండు, పదమూడేళ్ల వయసులో వేసిన బొమ్మ ఇక్కడుంది. ఇటలీ చిత్రకారుడు కారవాజ్జియో వేసిన పేకాట మోసగాళ్లూ ఉన్నారు: ఒకడు వెనక నుంచి ముక్క చూసి వేళ్లతో సైగ చేస్తుంటే, రెండోవాడు నడుం వెనక దాచిన ముక్క లాగుతుంటాడు. పేకాట తెలిసిన ఏ నాన్నకూ ఇక్కడ గైడు అక్కర్లేదు. శాశ్వత సేకరణ చూడటానికి పైసా ఇవ్వక్కర్లేదు.

తనను తాను 'కౌటౌన్' అని పిలుచుకునే ఊరు ఇది. పేడ వాసన దాచుకోలేదు, కారవాజ్జియోనూ వదులుకోలేదు. మనకేమో ఎకరం రేటు పెరగ్గానే సంత జరిగిన చోటు వెంచర్ అయిపోతుంది, పశువుల కొట్టం ఊసు పిల్లల ముందు నామోషీ అవుతుంది. బ్రెజిల్ మందల్లో సింహభాగం నెలోర్ జాతిదే. ఆ పేరు మన నెల్లూరుది, రక్తం ఒంగోలుది. టెక్సస్ బ్రాహ్మన్ పశువుల మూపురం, గంగడోలు చూడండి, వాటిలోనూ మన పశువుల రక్తముంది. ఒంగోలు బస్టాండులో దిగినవాడికి ఈ కథంతా ఎవరు చెబుతారు? బండలాగుడు పందేలకు చందాలిచ్చే కోటీశ్వరులున్నారు. ఆ గిత్తల కోసం ఒక మంచి మ్యూజియం కట్టిస్తానన్న మాట మాత్రం వాళ్ల నోట నేను వినలేదు. కింబెల్ కూడా పిండిమర నుంచి వచ్చినవాడే కదా!

వెళ్లేవాళ్లు పొద్దుటి మంద చూసుకుని, ఎండ ముదిరాక మ్యూజియంలోకి వెళ్లండి. సోమవారం మాత్రం వద్దు, కింబెల్‌కు సెలవు.